దరఖాస్తులో ఇంటి సంగతులు



పరీక్షా ఫలితములు వెలువడు దినములలో మన యిండ్లలో వినవచ్చు ప్రశ్న యొక్కటే: ఎన్ని మార్కులు వచ్చినవి? పై చదువునకు దరఖాస్తు వ్రాయునప్పుడు మాత్రము వేరు ప్రశ్నలు పెక్కు లెదురగును. తండ్రి చేయు పని యేమి? తల్లి యెంతవరకు చదివినది? ఏటి రాబడి యెంత? చదివిన బడి సర్కారుదా, ప్రైవేటుదా? ఈ గడులను చూచి చిన్నబుచ్చుకొను తల్లులు కలరు. మా వారు ఉపాధ్యాయులగుటచే దరఖాస్తులు నింపించుకొనుటకు మా యింటికి పలువురు వచ్చుచుందురు. “చదివినది పిల్ల గదా, మా లేమితో వారికేమి పని?” అని వారిలో నొక యిల్లాలు నన్నడిగినది. అడుగదగిన ప్రశ్నయే.

మన గ్రంథములలో ఈ ప్రశ్న రెండు విధములుగా కానవచ్చుచున్నది. కురుకుమారుల విద్యాప్రదర్శనమున కర్ణుడు అర్జునునితో పోరునకు నిలిచినప్పుడు, నీ తల్లిదండ్రు లెవ్వరు, వంశమేదియని కృపాచార్యు డడిగెను. ఆతడు తల వంచుకొనెను. ఛాందోగ్యమున గౌతమాచార్యుడును సత్యకాముని గోత్ర మడిగెను. ఆ బాలుని తల్లి జబాల, తాను పలు తావుల పరిచర్య చేయుచు తిరిగిన కాలమున వానిని గంటిననియు, గోత్ర మెఱుగననియు, తన పేరు చెప్పుకొమ్మనియు ముందే చెప్పి పంపినది. బాలుడట్లే చెప్పెను. గురువు సమిధలు తెమ్మని వానిని శిష్యునిగా గైకొనెను. కృపుడు ద్వారము మూయుట కడిగెను. గౌతము డడిగిన పిదప ద్వారము తెఱచెను. నేటి దరఖాస్తు ఏ తలంపుతో నడుగుచున్నదో, అదియే మనము విచారింపవలసినది.

తెలుగునాట దీనికొక మంచి నిదర్శనము కలదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో విద్యాలయములను నెలకొల్పినది. జనులు వీనిని ట్రిపులైటీలందురు. 2014లో రాష్ట్రము విడిపోగా బాసర తెలంగాణమునకు చెందినది. పదవ తరగతి ముగించిన పిల్లలను చేర్చుకొని, ఆరేండ్లు అచ్చటనే యుంచి ఇంజనీర్లను జేయుదురు. ప్రవేశమునకు పదవ తరగతి ఫలితమునే చూచుట వాడుక. అందులో సర్కారు, జిల్లా పరిషత్తు, పురపాలక బడుల పిల్లలకు పదికి 0.4 చొప్పున అదనముగా కలుపు నియమము పెట్టిరి. ఆ బడి వసతిగృహము లేనిదై యుండవలెనట! ఈ చిన్న షరతు వ్రాసినవా రెవరో గాని, ఇంటి సంగతు లెఱిగినవారని నాకు తోచినది. వసతిగృహమున నున్న పిల్లకు సాయంకాలము చదువునకు గంట కొట్టుదురు. ఇంటినుండి బడికి పోవు కూలివారి పిల్లకు ఆ వేళ కుళాయి నీరు పట్టవలెను, తమ్ముని నెత్తుకొనవలెను, తల్లి పొలమునుండి వచ్చులోపల అన్నము వార్చవలెను. ఆ పిల్ల తెచ్చిన తొమ్మిదియు, వేడి పాలు త్రాగి ట్యూషనుకు పోయిన పిల్ల తెచ్చిన తొమ్మిదిన్నరయు ఏది గొప్పదో చెప్పుడు. ఇటీవల ఈ విద్యాలయములలో చేరువారిలో బాలికలే యధికము.

ఇంటి సంగతి నడుగకపోయినచో నేమగునో పొరుగున తమిళనాడు చూపినది. అచ్చట వైద్యవిద్యకు పండ్రెండవ తరగతి మార్కులే ప్రమాణముగా నుండెడివి. 2017 నుండి నీట్ పరీక్ష తప్పనిసరి యయ్యెను. దాని ఫలితములను విచారించుటకు ఆ ప్రభుత్వము 2021లో జస్టిస్ ఏ.కే. రాజన్ అధ్యక్షతన సంఘమును నియమించినది. పల్లె పిల్లలును, తమిళమున చదివినవారును, తక్కువ రాబడి యిండ్లవారును వైద్యకళాశాలలలో తగ్గిరని ఆ సంఘము తెలిపినది. అందులో నొక లెక్క నా మనస్సునుండి పోవుట లేదు. ఇంటర్మీడియటు వంటి ఆ చదువు ముగించి, ఒకటి రెండేండ్లు ఆగి మరల పరీక్ష వ్రాసి సీటు తెచ్చుకొన్నవారు 2016-17లో నూటికి సుమారు 12 మంది; 2020-21 నాటికి నూటికి 71 మంది. ఆగిన యేడు ఊరక గడచునా? కోచింగు రుసుము, గది యద్దె, తిండి కావలెను. పిల్ల యేమియు సంపాదింపకున్నను ఇల్లు గడువవలెను. కొడుకునకైన అప్పు చేసి రెండవ యే డిత్తురు. కూతునకు? “ఒకసారి చూచితిమి, చాలును” అను మాట నేను పలు ఇండ్లలో వింటిని. సర్కారు బడులలో ఆరు నుండి పండ్రెండు వరకు చదివినవారికి వైద్యవిద్యలో నూటికి 7.5 సీట్లు కేటాయించుచు ఆ రాష్ట్రము 2020లో చట్టము చేసినది. అంతకు పూర్వమే, 2010లో, కుటుంబమున మొదటి పట్టభద్రు లగువారికి బోధనరుసుము మాన్పు పద్ధతియు నెలకొల్పినది.

రాబడి గడిని మాత్రము నేనంతగా నమ్మను. కేంద్ర సంస్థలలో ఆర్థికముగా బలహీనులకు 2019లో ఏర్పడిన కోటాకు ఏటి రాబడి 8 లక్షల లోపుండవలెనని హద్దు. ఏడున్నర లక్షలు తెచ్చు ఉద్యోగియు, లక్ష తెచ్చుటకు చెమటోడ్చు వంటమనిషియు ఒకే వరుసలో నిలుతురు. జీతగాని రాబడికి కాగితము కలదు. కూలివాని రాబడి అధికారి యూహయే. ఇక దరఖాస్తే పెట్టని పిల్లల సంగతి ఏ లెక్కలోనికిని రాదు. బడిలో రెండవదిగా నిలిచిన పిల్ల, పెండ్లి సంబంధము కుదిరినదనియో, దూరమనియో, తేదీ తెలియలేదనియో ఇంట నిలిచిపోయినచో, ఆమె పేరే విశ్వవిద్యాలయమునకు తెలియదు. ఆ పొరపాటును దిద్దుట వీధిలోని చదువుకొన్న స్త్రీలచేతిలో నున్నది.

కావున మీ పనిమనిషి కూతురో, ఎదురింటి పిల్లయో పరీక్ష వ్రాయుచుండినచో, ఫలితముల వఱకు ఆగకుడు. కుల, ఆదాయ పత్రములకు తెలంగాణమున మీసేవలోను, ఆంధ్రదేశమున సచివాలయములోను ముందే అర్జీ పెట్టింపుడు. ఆర్థికబలహీనవర్గ పత్రము ఆయా ఆర్థిక సంవత్సరమునకే చెల్లును. ఏప్రిల్ వచ్చినంతనే క్రొత్తది కావలెను. తల్లి వృత్తి గడిలో “ఏమియు లేదు” అని వ్రాయ నీయకుడు. నాట్లు వేయునామె కూలి యనియు, బీడీలు చుట్టునామె బీడీ పనియనియు వ్రాయింపుడు. తల్లి పేరు పదవ తరగతి పత్రమునందును ఆధారునందును ఒకే తీరున నున్నదో లేదో అక్షర మక్షరము సరిచూడుడు. మా యింట నింపిన వానిలో తిరిగి వచ్చిన దరఖాస్తులు ఎక్కువగా ఈ యొక్క తేడావలననే వచ్చినవి.