పాలు పడట్లేదంటే ఏమిటి?

"మా వాడికి పాలు పడట్లేదండీ" అని ఎంత సులువుగా అనేస్తామో కదా! కాస్త కక్కితే అదే మాట, రాత్రంతా ఏడ్చినా అదే మాట. మర్నాటికి పాలడబ్బా మారిపోతుంది. అదీ కుదరకపోతే గేదెపాలు, ఆనక పక్కింటివాళ్ళు చెప్పారని మేకపాలు. ఈ మార్పుల మధ్య బిడ్డ బరువు సంగతి ఎవరికీ పట్టదు. నాకు బాధంతా అక్కడే.

నెలల పిల్లలు కక్కుతారు, ఏడుస్తారు. ఆరో వారం వచ్చేసరికి ఏడుపు బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. బరువు పెరుగుతూ హుషారుగా ఉన్న బిడ్డకి ఎలర్జీ అని పేరు పెట్టేయకండి. ఆవుపాల ఎలర్జీ నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలకి మించి ఉండదు. అచ్చంగా తల్లిపాలే తాగేవాళ్ళలో ఇంకా తక్కువ.

మరి నిజంగా ఉంటే ఎలా తెలుస్తుంది? గడియారం చూడండి. ఒక రకం వెంటనే బయటపడుతుంది. పాలు కడుపులో పడ్డ నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలూ కళ్ళూ వాయడం, వాంతులు, దగ్గు, పిల్లికూతలు. మన ఇళ్ళలో తల్లిపాలు తప్ప ఇంకేదీ ఎరగని బిడ్డకి మొదటిసారి ఆవుపాలు తగిలేది చాలాసార్లు అన్నప్రాసన నాటి పరమాన్నంలోనే. ఆ రోజు మూతి చుట్టూ ఎర్రగా పొంగితే దిష్టి తీసి ఊరుకోవద్దు. ఊపిరి కష్టమైనా, బిడ్డ వాలిపోయినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

రెండో రకం నిదానంగా వస్తుంది, కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో. అందుకే పాలమీదికి అనుమానం పోదు. విరేచనంలో నెత్తురు చారలు, బంక, ఎన్ని పూతలు రాసినా తగ్గని ఎగ్జిమా, పాలు పట్టబోతే మెలికలు తిరిగి ఏడవడం, బరువు పెరగకపోవడం. వీటిలో ఏదో ఒక్కటుంటే వేరే కారణం కావచ్చు. రెండు మూడు కలిసి వస్తే మాత్రం పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. వెళ్ళేటప్పుడు ఏది ఎప్పుడు తాగింది, ఎంతసేపటికి ఏమైంది అన్నది కాగితం మీద రాసుకోండి. నెత్తురు కనిపించిన గుడ్డని ఫోనులో ఫోటో తీసుకోండి. ఈ నిదానపు రకానికి రక్తపరీక్షలో ఏమీ తేలదు, డాక్టరుకి మీరు చెప్పే వివరమే ఆధారం.

పాలు మారిస్తే ఎందుకు తగ్గదంటారా? బిడ్డ ఒంటికి సరిపడనిది పాలలోని ప్రోటీను. గేదెపాలలో, మేకపాలలో ఉన్నదీ దాదాపు అలాంటిదే. ల్యాక్టోజ్ లేని డబ్బాలో తీసేసేది పాలలోని చక్కెరని. ప్రోటీను అలాగే ఉంటుంది. పోతపాలు తాగే బిడ్డకి ప్రోటీనుని ముక్కలు ముక్కలు చేసిన ప్రత్యేకమైన పొడి ఉంటుంది. ఖరీదెక్కువ, డాక్టరు రాస్తేనే కొనాలి.

తల్లిపాలు తాగే బిడ్డయితే దయచేసి ఆ పాలు మాన్పించకండి. తల్లి తిన్న పాల ప్రోటీను రవ్వంత తన పాలలోకి దిగుతుంది, అంతే. డాక్టరు చెబితే ఆమె రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పనీరు, కోవా మానేయాలి. కాఫీ, టీలలో చుక్క పాలూ కుదరదు. బిస్కెట్ ప్యాకెట్ మీద పాలు కలిశాయని రాసి ఉందేమో చూడాలి. బాలింతకి పెరుగన్నం లేకుండా గడపడం ఎంత కష్టమో ఇంట్లోవాళ్ళు గుర్తించాలి. కాల్షియం మాత్రలూ అందించాలి. బిడ్డకి తగ్గాక డాక్టరు చెప్పినట్టు పాలు మళ్ళీ మొదలుపెట్టి చూస్తారు. లక్షణాలు తిరిగొస్తేనే ఎలర్జీ ఖాయం. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, ఊరికే తల్లి నెలల తరబడి పథ్యం చేస్తుంది. వెంటనే బయటపడే రకానికైతే ఈ పరీక్ష ఇంట్లో వద్దేవద్దు, ఆసుపత్రిలోనే జరగాలి.

చాలామంది పిల్లలకి ఇది మూడు నుంచి అయిదేళ్ళ లోపు పోతుంది. అందాకా అమ్మమ్మలూ నానమ్మలూ, ముద్దుకొద్దీ ఓ చెంచా పాయసం పెట్టేముందు తల్లిని ఒక్క మాట అడగండి.