ఉల్లి మెడ వాలినప్పుడు

క్రిందటి మాసమున మేము పెరటి బీరపాదును గూర్చి వ్రాసినదానిని చదివి, బోధన్ నుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. "తీగకు వ్రేలాడు కాయ కంటికి కనబడును గనుక ముదిరినదో లేదో తెలియును. భూమిలో దాగియున్న ఉల్లిగడ్డ సంగతి యెట్లు తెలియును? త్రవ్వి చూచినచో మరల పాతుటకు వీలు లేదు గదా!" అని వారి ప్రశ్న. చైత్రమాసము వచ్చినది, మా మడులలోను ఉల్లి త్రవ్వకమునకు సిద్ధమగుచున్నది. కావున ఈ నెల ఆ ముచ్చటనే చెప్పుకొందము. ఈ చిన్న ప్రశ్నకు బదులు నేర్చుకొనుటకు మాకు మూడు వేసవులు పట్టినవని ముందుగానే ఒప్పుకొనుచున్నాము.

మాయింట ఉల్లి సాగు ప్రారంభమైనది ముచ్చటకై కాదు, కోపముచేత. 2019వ సంవత్సరము సెప్టెంబరులో ప్రభుత్వమువారు ఉల్లి ఎగుమతిని నిషేధించినను, ఆ యేటి చివరకు హైదరాబాదు బజారులలో కిలో ధర నూరు రూపాయలు దాటినది. బడిపంతులు ఇంటి పద్దులో అట్టి ధరకు చోటెక్కడిది? పావుకిలో చొప్పున కొని, ఒక గడ్డను రెండు పూటలకు సర్దుకొంటిమి. మా అత్తగారు ఉల్లి ముట్టరు. "అమరములో దానికి సుకందకమని చక్కని పేరొకటి యున్నదని నీవే చెప్పితివి గదా, ఆ పేరు తలచుకొని వండుకొనుడు" అని వారు నవ్విరి. ఆ నవ్వునకే పౌరుషము వచ్చి, ఇంటి వెనుకనున్న చెల్క నేలలో రెండు మడులు కట్టి, డిసెంబరులో నారు తెచ్చి, వరుసకు వరుసకు ఆరంగుళములు, మొక్కకు మొక్కకు నాలుగంగుళములు ఎడముగా నాటితిమి.

మొక్కలు చక్కగా పెరిగినవి. మార్చి చివర దేశమంతట రాకపోకలు నిలిచిపోయి, బడులు మూతపడి, మావారు ఇంటనే యుండిరి. ఉపాధ్యాయునకు లెక్క దొరికిన చాలును గదా! నారు అమ్మినవారు నూటపది దినములని చెప్పిరట. గోడమీది క్యాలెండరులో ప్రతిదినము ఒక గీత గీచి, నూటపదవ నాటి ఉదయమున "లెక్క సరిపోయినది" అని పార చేతబట్టిరి. గడ్డలు పిడికిలికి మించి యుండెను. మెడలు మాత్రము పచ్చగా, నిటారుగా, బొటనవ్రేలి లావున నిలిచియుండెను. అది దోషమని మాకప్పుడు తెలియదు; బలమని మురిసితిమి. బజారునకు పోవుటయే కష్టమైన ఆ దినములలో, వంటింటి గోడకు వ్రేలాడుచున్న ఆ గుత్తులను చూచిన ప్రాణము కుదుటపడెడిది.

ఆషాఢము వచ్చునప్పటికి వంటింట ఒక దుర్వాసన బయలుదేరినది. మొదట ఎలుక చచ్చినదేమో యని వెదకితిమి. గుత్తి విప్పి చూడగా గడ్డల మెడలు మెత్తబడి లోనికి కుళ్లుచున్నవి; కొన్నింటి పొరల నడుమ నల్లని బూజు పొడివలె రాలినది. మూడింట రెండు వంతులు పెంటకుప్పకు పోయెను. మిగిలినవి మొలకెత్తినవి. మావారు క్యాలెండరు వంక చూడనేలేదు.

మా ప్రక్క యింటి అవ్వ చిన్ననాటినుండి పొలము పని చేసిన మనిషి. ఆమె కుళ్లిన గడ్డ నొకదానిని చేతబట్టి, "బిడ్డా, తవ్వేటప్పుడు దీని మెడ పట్టి చూసినవా?" అని యడిగినది. "లేదవ్వా, దినములు లెక్కపెట్టినాము" అంటిమి. "దినాలు లెక్కవెడితె గడ్డకేం ఎరుక? అది మెడ వాల్చినప్పుడు తియ్యాలె" అని గడ్డను మాచేతిలోనే పెట్టి పోయినది.

అవ్వ మాటకు కారణమును తరువాత చదివి తెలిసికొంటిమి. ఉల్లిగడ్డ యనునది వేరు కాదు. ఆకుల మొదళ్లు ఉబ్బి యొకదానిలో నొకటి ఒదిగినదే గడ్డ. మనము కత్తిపీటపై కోయునప్పుడు కనబడు పొరలలో పైవాటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకునకు మొదలు. మొక్క పెరుగుచున్నంత కాలము క్రొత్త ఆకు మెడ నడుమనుండి పైకి దూసికొని వచ్చుచుండును. మెడ నిండుగా, గట్టిగా నిలుచుట అందుకే. గడ్డ ముదురుటకు మొదలిడిన పిమ్మట, లోపలి పొరలు ఆకు లేకయే పుట్టును. అవి పైకి రావు. లోననే యుండి గడ్డను నింపును. అప్పుడు మెడలో నిలువవలసిన ఆకు లేక అది డొల్లయై, పైనున్న ఆకుల బరువునకు ఒక ప్రక్కకు వాలిపోవును. వాలిన మెడ క్రమముగా ఎండి మూసికొనును. ఆ మూతయే గడ్డకు రక్ష. పచ్చి మెడతో పెరికిన గడ్డ, మూత వేయని పచ్చడి జాడీ వంటిది. వానకాలపు తేమ, బూజు ఆ త్రోవనే లోనికి చొచ్చును. మా మొదటి యేటి గడ్డలకు పట్టిన గతి యిదే.

ఇంత తెలిసినది గదా యని మరుసటి యేడు మేము మరియొక తప్పు చేసితిమి. మా నిజామాబాదు జిల్లా పసుపునకు పేరెక్కినది. ఆర్మూరు ప్రాంతపు స్త్రీలను ఎవరినడిగినను, పసుపు ఆకు పూర్తిగా ఎండి నేలబడిన తరువాతనే కొమ్ము త్రవ్వవలెనని చెప్పుదురు. ఉల్లికిని అదే న్యాయమనుకొంటిమి. సగము మొక్కలు వాలినవి, ఊరకుంటిమి. ముప్పాతిక వాలినవి, చివరిది కూడ వాలనిమ్మని కూర్చుంటిమి. శ్రీరామనవమికి గుట్టమీది రామాలయమునకు పోయి దర్శనము చేసికొని వచ్చుచుండగా పడమట మబ్బు పట్టి, ఆ రాత్రియే వడగండ్లతో వాన కురిసినది. నాలుగు దినములకు త్రవ్వి చూడగా, ఎండిన వేళ్ల చోట తెల్లని క్రొత్త వేళ్లు పుట్టియున్నవి. పైపొర పగిలి లోపలి నునుపు బయటపడినది. ముదిరిన గడ్డ తడిసినయెడల నిద్రనుండి లేచి మరల పెరుగజూచును. పైపొర పోయిన గడ్డ నిలువకు పనికిరాదు. ఆ యేడు బంధువులందరకు ఉల్లి పంచితిమి. ఔదార్యమని వారనుకొనిరి!

కావున, సోదరీ, మీ ప్రశ్నకు బదులిది. మడిలో సుమారు సగము మొక్కల మెడలు వాటంతట అవి వాలినప్పుడు త్రవ్వకమునకు వేళయైనదని యెరుగునది. మొదటి మెడలు వాలుట కనబడగానే నీరు ఆపవలెను. త్రవ్వుటకు పదునైదు దినములకు ముందే నీరు కట్టివేయుట వాడుక. చెరకు దేశపువారగు మీకిది క్రొత్త గాదు. బోధన్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, కోతకు ముందు చెరకుతోటకు నీరు ఆపు పద్ధతి మీయింటి పెద్దలెల్లరు ఎరిగినదే. చివరి దినములలో ఎరువు వేయుట అంతకంటె చెరుపు. పచ్చదనము చూచి మనము మురిసిపోవుదుము, మెడ లావై గడ్డ ముదరదు.

కంటితో చూచినది చాలదన్నచో వ్రేళ్లతో నొక్కి చూడుడు. ముదిరిన మొక్క మెడ, గడ్డకు అంగుళము పైన, రెండు వ్రేళ్ల నడుమ అణగిపోవును. లోపల ఏమియు తగులదు. పచ్చిది గట్టిగా ఎదురు నిలుచును. గడ్డ తల సహజముగా మట్టిపైకి తేలి కనబడుచుండును గనుక పైపొర రంగు తేలి పలుచని కాగితమువలె నున్నదేమో కూడ చూడవచ్చును. మడినంతయు త్రవ్వి పరీక్షించు పనిలేదు.

కొందరు నిలిచియున్న మెడలను కాలితో త్రొక్కి వంచుదురు. వేసవి పంటకు మే మది యొప్పుకొనము. వంచినంతమాత్రమున లోపలి ఆకు మాయము కాదు, మెడకు గాయము మాత్రము మిగులును. వానకాలమున వేసిన ఉల్లి మాట వేరు. అది ముదురు దినములకు చలి ప్రవేశించుటచే మెడ తనంతట వాలదు. ఆకుల కొనలు పసుపుబారుట చూచి, త్రవ్వుటకు రెండు మూడు దినములకు ముందు ఖాళీ పీపాను మడిపై దొర్లించి మెడలు వంచుట ఆ పంటకు చెల్లును. ఆ గడ్డ నిలువకు రాదు, ఎప్పటికప్పుడు తినవలసినదే.

విత్తనము సంగతి యొకటి చెప్పక తీరదు. ఉల్లి గడ్డ కట్టుట పగటి నిడివిని బట్టి యుండును. మనదేశపు మైదానముల రకములు పండ్రెండు గంటల లోపు పగటికే గడ్డ కట్టును. చలిదేశముల రకములకు పదునాలుగు గంటలకు పైబడిన పగలు కావలెను. మనకు అంత పగలు ఏడాదిలో ఏనాడును లేదు. ఆ విత్తనము ఇచట ఆకుగానే యుండిపోవును. మా పినతల్లి కూతురు అమెరికా ఉత్తరభాగమున కాపురముండి, ఇచటి విత్తనము తీసికొనిపోయి వసంతమున చల్లినది. అచట పగలు త్వరగా పెరుగుటచే ఆకు పెరుగకమునుపే మెడలు వాలి, గోలీకాయలంత గడ్డలు వచ్చినవట. "మెడ వాలినది గదక్కా, మీరు చెప్పినట్లే!" అని ఫోనులో దెప్పినది.

త్రవ్వునప్పుడు మెడ పట్టి లాగవలదు. చెల్క నేల ఎండిన రాయివలె బిగియును. చిన్న పారతో ప్రక్కనుండి మట్టి సడలించి ఎత్తవలెను. ఎత్తిన గడ్డలను వరుసగా పరచి, ఒక వరుస ఆకులు ముందు వరుస గడ్డలను కప్పునట్లు పెట్టి, మూడు దినములు మడిలోనే యుంచుదుము. చైత్రపు టెండ సూటిగా తగిలినచో గడ్డ ఉడికినట్లు కమలిపోవును. తరువాత పది పండ్రెండు దినములు గాలి యాడు నీడలో ఆరనిచ్చి, మెడను అంగుళము మిగిల్చి కోయుదుము. గడ్డకు అంటిన మట్టి చేతితో దులుపుటయే గాని కడుగుట లేదు. లావు మెడవి, పూకాడ లేచినవి, జంటగా చీలినవి వేరుచేసి మొదట వండుకొందుము; ఎంత అందమైనవైనను అవి అటక యెక్కరాదు. తక్కినవి వెదురు గంపలలో పలుచగా పరచి, వారమున కొకసారి చూచి, మెడ మెత్తబడినదానిని అప్పుడే తీసివేయుదుము.

ఇంత జాగ్రత్త దేనికని మీరడుగవచ్చును. మా డిచ్‌పల్లి స్టేషను మీదుగా పోవు రైలుమార్గము మన్మాడు చేరును. మన్మాడునకు కొంచెము దూరముననే లాసల్‌గాఁవ్, ఉల్లికి దేశమంతటను పేరుపడ్డ బజారు. అచటనైనను, మాయింటనైనను లెక్క యొకటే. వేసవిలో త్రవ్విన ఉల్లియే వానకాలపు పంట వచ్చువరకు, అనగా ఇంచుమించు కార్తికము వరకు, జనులను పోషింపవలెను. నిలువ తరిగి క్రొత్త పంట ఆలస్యమైనప్పుడే ధర మండును. మూడవ యేట మేము సగము వాలిన నాడే త్రవ్వితిమి. అందులో చివరి గంప దీపావళి దాటినది.

ఇది వ్రాయుచున్న నేటి సాయంకాలము మడి చూచి వచ్చితిమి. ఒక వరుసలో నలువది మొక్కలకు ఇరువది రెండు వాలినవి. తక్కినవి మరి నాలుగు దినములు నిలిచిన కొంచెము ఊరునేమో. కాని పడమట మబ్బు పట్టినది, అవ్వ గోడపైనుండి చూచి, "ఇంకేం జూస్తున్నవు బిడ్డా?" అన్నది. మావారు పారకు పిడి బిగించుచున్నారు. తెల్లవారగనే త్రవ్వుదుము.