ఏబీఎస్‌ ఉంటే సరిపోదు.. బ్రేకు తెలియాలి!

‘బైక్‌ బ్రేక్‌ లివర్‌ మెత్తగా లోపలికి వెళ్లిపోతోంది. ఎందుకు?’ నా తొలి టెక్నికల్‌ ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది. చేతిలో ఇంజినీరింగ్‌ డిగ్రీ ఉంది, రోజూ బండి నడుపుతున్నా. అయినా నోరు పెగల్లేదు. ఉద్యోగమూ రాలేదు. ఇప్పుడు ఆ ప్రశ్నకు విలువ ఇంకా పెరిగింది.

125 సీసీ దాటిన కొత్త బైకులకు 2019 ఏప్రిల్‌ నుంచే యాంటీ లాక్‌ బ్రేకింగ్‌ సిస్టమ్‌, అంటే ఏబీఎస్‌ తప్పనిసరి. దీన్ని చిన్న బండ్లకూ విస్తరించాలని కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదా ఇచ్చింది. కారణం ఊహించగలరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మంది చనిపోతే, వారిలో 44.5 శాతం టూవీలర్లపై ఉన్నవారే. చిక్కల్లా ధర దగ్గరే. డ్రమ్‌ బ్రేకుతో వచ్చే చౌక బండికి ముందు డిస్క్‌ బిగించాలి, ఆపైన ఏబీఎస్‌.

లోపల జరిగేదిదీ

లివర్‌ నొక్కితే మాస్టర్‌ సిలిండర్‌లోని పిస్టన్‌ ఫ్లూయిడ్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి కాలిపర్‌కు చేరి, ప్యాడ్లు డిస్క్‌ను పట్టేస్తాయి. మనం చదివిన పాస్కల్‌ సూత్రమే! లైనులో గాలి చేరితే మాత్రం మీ బలం ఆ బుడగను నొక్కడానికే పోతుంది. ఆ రోజు నేను చెప్పాల్సిన జవాబు ఇదే.

ఏబీఎస్‌లో చక్రం దగ్గరి సెన్సర్‌ వేగాన్ని చూస్తుంటుంది. చక్రం బిగుసుకుపోబోతే ఈసీయూ సెకనుకు పలుమార్లు ఒత్తిడిని వదిలి మళ్లీ ఇస్తుంది. అరిగిన ప్యాడ్‌కు, నున్నబడ్డ టైరుకు మాత్రం అది పట్టు తేలేదు.

ఫ్లూయిడ్‌ సంగతీ అంతే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్‌ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. వేడికి ఆవిరి బుడగలు పుడితే లివర్‌ మళ్లీ మెత్తబడుతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. సర్వీసింగ్‌లో ఇంజిన్‌ ఆయిల్‌ గురించి అడుగుతాం, దీని ఊసెత్తం.

మీకేంటి?

బ్రేకు ఇక మెకానికల్‌ వాళ్ల సొంతం కాదు. సెన్సర్‌ సిగ్నల్‌ ఈసీఈకి, కంట్రోల్‌ సాఫ్ట్‌వేర్‌ సీఎస్‌ఈకి, టెస్టింగ్‌ అందరికీ పని. పాలిటెక్నిక్‌, ఐటీఐ చదివినవారికి సర్వీస్‌ సెంటర్లున్నాయి.

ఈ ఆదివారం మీ బండి ఫ్లూయిడ్‌ నల్లబడిందేమో, ప్యాడ్లు అరిగాయేమో చూడండి. తేడా ఉంటే మెకానిక్‌ దగ్గరకు వెళ్లి, మార్చేదాకా పక్కనే నిలబడండి. ఇంటర్వ్యూ సంగతి తర్వాత, ముందు మీరు క్షేమంగా ఇల్లు చేరతారు.