పచ్చ కాంతి వృథా కాదు

ఆకు పచ్చగా కనిపిస్తోందంటే పచ్చ కాంతిని వెనక్కి కొట్టేస్తోందన్నమాట, అలా వెనక్కి కొట్టే కాంతితో దానికి పనేముంటుంది? బడి నుంచి డిగ్రీ దాకా పిల్లలకు మనం నూరిపోస్తున్నది ఇదే. మిద్దెతోటల వాళ్లకు ఊదారంగు ఎల్ఈడీ దీపాలు అమ్మేవాళ్లు చెప్పేదీ ఇదే. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, ముమ్మాటికీ తప్పు.

పుస్తకాల్లో వేసే గ్రాఫు ఆకుది కాదు. ఆకును నూరి, అసిటోన్ వంటి ద్రావకంలోకి పత్రహరితాన్ని లాగి, ఆ ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచి గీసినది. ఎరుపు దగ్గర, నీలం దగ్గర శిఖరాలు, నడుమ పచ్చ దగ్గర లోయ. దానికి సాక్ష్యంగా శాస్త్రవేత్త ఎంగెల్‌మన్ 1882 నాటి ప్రయోగాన్ని చూపిస్తారు. పట్టకం విడగొట్టిన రంగులు క్లాడోఫోరా అనే శైవలం మీద పడినప్పుడు, ఆక్సిజన్ కోసం వెతుక్కునే బాక్టీరియా ఎరుపు, నీలం పడ్డచోట గుమిగూడాయి. అది గొప్ప ప్రయోగమే, కాదనను. కానీ ఆ శైవలం పోగు మందం ఒకే ఒక్క కణం. దాని ఫలితాన్ని మామిడాకుకు అంటగట్టడం ఏం న్యాయం?

ఆకులో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. పైన స్తంభ మృదుకణజాలం, కింద గాలి గదులతో నిండిన స్పంజి మృదుకణజాలం. ఎరుపు, నీలి కాంతుల్ని పై పొరల్లోని హరితరేణువులే చాలావరకు మింగేస్తాయి. పచ్చ కాంతి అంత సులువుగా చిక్కదు, లోపలికి దిగుతుంది. కణాల గోడలకూ గాలి గదులకూ తగిలి అటూ ఇటూ చెదురుతూ, ఒక్కో హరితరేణువును పదేపదే దాటుతూ చివరికి దొరికిపోతుంది. అందుకే ద్రావణంలో లోయ కనిపించినచోట, పూర్తి ఆకు పచ్చ కాంతిలో లెట్యూస్‌లో దాదాపు సగం, వెడల్పాకుల సతతహరిత వృక్షాల్లో 90 శాతం దాకా పీల్చుకుంటుంది. మన కంట పడేది మిగిలిన కాంతిలోంచే. మన కన్నేమో 555 నానోమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా పచ్చ దగ్గరే, అతి చురుగ్గా ఉంటుంది.

పీల్చుకున్నది పనికొస్తుందా అంటారా? 1972లో మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 పంట మొక్కల ఆకుల్ని రంగు రంగుకూ పరీక్షించాడు. ఎరుపుదే పైచేయి అయింది. పచ్చ మాత్రం నీలానికి తీసిపోలేదు. 2009లో తెరషిమా బృందం పొద్దుతిరుగుడు ఆకులతో ఇంకో అడుగు ముందుకేసింది. మిట్టమధ్యాహ్నం లాంటి తీవ్రమైన తెల్ల కాంతిలో పై పొరల హరితరేణువులకు అప్పటికే చేతినిండా పని. అదనంగా పడే ఎరుపు చాలావరకు వేడిగా పోతుంది. అదనపు పచ్చ కాంతి అయితే అడుగు పొరలకు చేరి అక్కడి పని నడిపిస్తుంది. ఆ స్థితిలో ఎరుపు కంటే పచ్చే మెరుగు.

కరెంటు ఖర్చు లెక్కన ఎరుపు ఎల్ఈడీలు చవకన్న వాదనలో నిజముంది, ఒప్పుకుంటాను. కానీ మొక్కకు పచ్చ పనికిరాదనడం అబద్ధం. 2004లో కిమ్ బృందం ఎరుపు, నీలం దీపాలకు పచ్చను జోడించి, మొత్తం కాంతిని మార్చకుండానే, లెట్యూస్‌ను మరింత ఏపుగా పెంచి చూపించింది.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే: పత్రహరితం గ్రాఫు పక్కనే పూర్తి ఆకు గ్రాఫునూ అచ్చువేయండి. దీపం కొనబోయే మిద్దెతోట మిత్రులారా, పచ్చ కూడా కలిసుండే తెల్లదే కొనండి.