ముందు కెమెరాను పరీక్షించండి!

వీడియో తీసే ఫోను ఉంటే ఇంట్లోనే గురుత్వ త్వరణాన్ని కనుక్కోవచ్చు. బంతిని పైనుంచి వదిలి వీడియో తీసి, ఒక్కొక్క ఫ్రేమును ఆపి చూస్తూ, ఎంత కాలంలో ఎంత దూరం పడిందో కొలిస్తే చాలు. మంచి ప్రయోగమే. కాని దీని విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మా తరగతిలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఈ ప్రయోగం చేశారు. అబ్బాయి 9.8 అని రాశాడు. అమ్మాయి 12.2 అని రాసింది. అబ్బాయికి పూర్తి మార్కులు వేసి, అమ్మాయికి తగ్గించాను. తీరా చూస్తే ఇద్దరూ కొలిచింది ఒకే వీడియో! అబ్బాయి తనకు వచ్చిన జవాబును చెరిపి, పుస్తకంలో ఉన్నది వేశాడు.

మరి 12.2 ఎందుకు వచ్చింది? బంతి కెమెరాకు 2 మీటర్ల దూరంలో పడింది. స్కేలు మాత్రం బంతికి అర మీటరు వెనుక, గోడకు అంటించి ఉంది. దూరంగా ఉన్న వస్తువు చిన్నదిగా కనిపిస్తుంది కదా! అందువల్ల బంతి 1 మీటరు పడితే, వెనుకనున్న స్కేలుపై అది 1.25 మీటర్లు పడినట్లు కనిపించింది. 9.8ను 1.25తో హెచ్చించి చూడండి, 12.25 వస్తుంది. అంటే ఆ అమ్మాయి కొలత తప్పు కాదు, స్కేలు ఉన్న చోటు తప్పు. ఆ సంగతి మనకు చెప్పింది చెరపకుండా ఉంచిన ఆ 12.2 మాత్రమే!

తూకపురాయిపై ముద్ర ఉందో లేదో చూస్తాం. స్క్రూగేజికి శూన్యాంశ దోషం చూస్తాం. కెమెరాను మాత్రం ఎందుకు గుడ్డిగా నమ్మాలి? తెలిసిన కొలతతో పరికరాన్ని సరిచూడడమే క్రమాంకనం. కెమెరా కటకం కొన్నిసార్లు అంచుల దగ్గర తిన్నని గీతలను కూడా వంచి చూపుతుంది. అందుకే ఇంజనీర్లు చదరంగపు గళ్ళ వంటి బొమ్మను వేర్వేరు కోణాల్లో ఫోటోలు తీసి, గళ్ళ మూలలు ఎక్కడ ఉండాలో, ఎక్కడ పడ్డాయో పోల్చి, ఆ వంపును లెక్కగట్టి సవరిస్తారు.

“జవాబు 9.8 అని తెలిసిందే కదా, ఇంత తతంగం దేనికి?” అని మీరు అడగవచ్చు. జవాబు ముందే తెలియని చోట ఏం చేస్తారు? 1976 జులై 20న వైకింగ్-1 అంగారకునిపై దిగింది. మరునాడు విడుదలైన మొదటి రంగుల చిత్రంలో అక్కడి ఆకాశం మన ఆకాశంలాగే లేత నీలంగా కనిపించింది. కెమెరా క్రమాంకనాన్ని సరిచూశాక తెలిసింది, సన్నని ధూళి వల్ల అది గులాబీ ఛాయ గల పసుపు రంగులో ఉంటుందని! శాస్త్రజ్ఞులు మొదటి చిత్రాన్ని సమర్థించుకోలేదు, సవరించారు.

బడిలో మనం జవాబుకు మార్కులు వేస్తున్నాం, సరిచూసిన పద్ధతికి వేయడం లేదు. ఇది మారాలని నా అభిప్రాయం. ఆ అమ్మాయి మార్కులు తిరిగి ఇచ్చాను. అప్పటినుంచి పరికరాన్ని ఎలా పరీక్షించారో రాయని ప్రయోగానికి నేను పూర్తి మార్కులు వేయడం లేదు.

మీరూ ప్రయత్నించండి. స్కేలును బంతి పడే దారి పక్కనే, కెమెరాకు అంతే దూరంలో నిలపండి. తలుపు అంచును ఫోటో అంచున పడేలా తీసి, అది వంగిందేమో చూడండి. స్టాప్‌వాచీని వీడియో తీసి, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో లెక్కపెట్టండి. ఆ తరువాత బంతిని వదలండి. వచ్చిన జవాబు ఏదైనా సరే, చెరపకండి!