గ్యాసు కుంపటి

పిల్లలూ,

పుష్యమాసం వచ్చిందంటే మన ఉప్పల్, నాచారం వీధుల్లో తెల్లవారుజామున చలిమంటలు కనిపిస్తాయి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్లు బస్సు కోసం కాచుకున్నవాళ్ళూ, నాచారం పారిశ్రామికవాడలో రాత్రి కాపలా కాసేవాళ్ళూ నాలుగు చితుకులూ ఇన్ని అట్టముక్కలూ పోగుచేసి, నిప్పు రాజేసుకుని చుట్టూ కూచుంటారు. భోగినాటి సంగతి సరేసరి! చలి ముదిరిన రాత్రుల్లో మన నగరం అంచుల్లో పది డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు పోవటం కూడా కద్దు. అలాంటప్పుడు మంట అంటే ఒట్టి వేడి మాత్రమే కాదు. నలుగురూ చేరి కబుర్లు చెప్పుకునే చోటు కూడా.

ఈ మధ్య ఈ చలిమంటకు కొత్త రూపం ఒకటి వచ్చింది. సెలవుల్లో గుడారాలు కట్టుకుని అనంతగిరి కొండలకో, భువనగిరి వైపుకో పోయి ఒక రాత్రి ఆరుబయట గడిపి వచ్చేవారు ఎక్కువయ్యారు. వారిలో కొందరు కట్టెలకు బదులు గ్యాసుతో మండే కుంపటిని వెంట తీసుకుపోతున్నారు. చలిదేశాలలో ఇది బాగా వాడుకలో ఉన్న వస్తువే. అక్కడ అందులో మండేది ప్రొపేన్ అనే వాయువు.

ఇది మంచి వస్తువు. కాని దీన్ని ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ప్రాణానికే ముప్పు. "ఇక్కడ పెట్టకూడదు" అని నేను ఊరికే చెబితే మీరు రేపటికి మరిచిపోతారు. ఎందుకు పెట్టకూడదో తెలుసుకుంటే జన్మలో మరిచిపోరు. అందుచేత ఆ 'ఎందుకు' సంగతే ఈ నెల చూద్దాం.

ముందు కుంపటి ఎలా ఉంటుందో చెబుతాను. కాళ్ళున్న ఒక పెద్ద ఇనుప మూకుడును ఊహించుకోండి. దాని అడుగున చుట్టలా వంచిన ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టం నిండా సన్నని చిల్లులు. వాటి పైన, అగ్నిపర్వతాల నుంచి వచ్చిన లావా రాళ్ళు పేర్చుతారు. మూకుడు నుంచి ఒక రబ్బరు గొట్టం దూరంగా ఉన్న సిలిండరుకు పోతుంది. మధ్యలో రెగ్యులేటరు ఉంటుంది. మర తిప్పి నిప్పు ముట్టిస్తే రాళ్ళ మధ్య నుంచి మంట లేస్తుంది. మర కట్టేస్తే వెంటనే ఆరిపోతుంది.

కట్టెల మంటకన్న ఇందులో ఏమిటి మేలు? పొగ తక్కువ. బూడిద లేదు. గాలికి నిప్పురవ్వలు ఎగిరి ఎండుగడ్డి మీద పడే భయం లేదు. చలికాలం చివరికి మన అడవుల్లో ఆకూ గడ్డీ ఎండి గలగలలాడుతుంటాయి. అప్పుడు ఒక్క రవ్వ చాలు, కొండంతా అంటుకోవటానికి.

ఇంకొక మేలు కూడా ఉంది. ఉప్పల్ నుంచి భువనగిరి దాకా మీరు చూసే గుండ్లూ, బండలూ చాలా పురాతనమైనవి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు! ఇలాంటి సంగతులు పరిశోధించే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో ఏర్పడింది. అది ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. ఇంత గట్టి బండకు కూడా మంట అంటే పడదు. వేడి తగలగానే పై పొర ఉబ్బి, చల్లగా ఉన్న లోపలి పొర నుంచి విడిపోతుంది. పూర్వం రాళ్ళు కొట్టేవాళ్ళు ఈ కిటుకు తెలిసే, బండ మీద మంట పెట్టి పలకలకు పలకలు లేపేవారు. బండ మీద నేరుగా కట్టెల మంట వేస్తే మచ్చ పడుతుంది, పెచ్చులు లేస్తాయి. ఆ మచ్చ మన మనమల కాలానికి కూడా పోదు. కాళ్ళున్న గ్యాసు కుంపటితో ఈ బెడద తక్కువ.

సరే, ఇంతకూ ఈ ప్రొపేన్ అంటే ఏమిటి? మూడు కర్బన పరమాణువులూ, ఎనిమిది ఉదజని పరమాణువులూ కలిస్తే ఒక ప్రొపేన్ అణువు. మన వంటింటికి వచ్చే ఎల్.పి.జి.లో కూడా ఇది ఉన్నది. దానికి తోడుగా బ్యూటేన్ అనే మరో వాయువు కలిసి ఉంటుంది. బాగా ఒత్తిడి పెడితే ఈ రెండూ ద్రవాలుగా మారతాయి. సిలిండరును కాస్త కదిపితే లోపల నీళ్ళలా తొణకటం ఈ ద్రవం వల్లనే. ఒక లీటరు ద్రవ ప్రొపేన్ వాయువుగా మారిందంటే సుమారు 270 లీటర్లవుతుంది. అంత మంటను ఇంత డబ్బాలో పెట్టుకుని పోవచ్చునన్నమాట!

చలిదేశాలవారికి ప్రొపేన్ మీద ఎందుకు మక్కువ? బ్యూటేన్ సున్న డిగ్రీలకు అర డిగ్రీ దిగువన మరుగుతుంది. అంతకన్న చలి ఎక్కువైతే అది వాయువుగా మారక డబ్బాలోనే పడి ఉంటుంది. ప్రొపేన్ అలా కాదు. సున్నకు 42 డిగ్రీల దిగువన కూడా మరుగుతుంది. 2014 మే 25న మన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయస్సులో, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరం ఎక్కింది. వాళ్ళిద్దరూ కొండలెక్కటం నేర్చుకున్నది మన భువనగిరి బండ మీదనే. అంత ఎత్తున తాగటానికి నీళ్ళు కావాలంటే మంచును కరిగించుకోవాలి. అక్కడ బ్యూటేన్ ఒక్కటే నింపిన డబ్బా పట్టుకుపోయినవాడి పొయ్యి మొండికేసి కూచుంటుంది!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ కుంపటిలో కంటికి కనిపించని శత్రువులు ఇద్దరున్నారు.

మొదటివాడు కారిపోయే గ్యాసు. వాడి స్వభావం తెలుసుకోవటానికి ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. పెద్దవాళ్ళను ఎవరినైనా పక్కన ఉంచుకోవాలి సుమా! లోతైన గిన్నె అడుగున ఒక పొట్టి కొవ్వొత్తిని వెలిగించి నిలబెట్టండి. కొవ్వొత్తి గిన్నె అంచుకన్న బాగా కిందికి ఉండాలి. ఒక పెద్ద చెంబులో రెండు చెంచాల వంటసోడా వేసి, దాని మీద రెండు నిమ్మకాయలు పిండండి. బుసబుస పొంగుతుంది. అది బొగ్గుపులుసు వాయువు. పొంగు తగ్గాక చెంబును గిన్నె మీదికి మెల్లగా వంచండి. లోపలి రసం ఒలకకూడదు. వాయువును మాత్రమే పొయ్యాలి. ఏమయింది? కొవ్వొత్తి ఆరిపోయింది!

మీరు పోసినది ఎవరికీ కనిపించలేదు. అయినా అది నీళ్ళలాగా కిందికి జారి గిన్నె అడుగున చేరింది. గాలికన్న బరువైనది గనుక అలా జారింది. ఇప్పుడు ఒక లెక్క చెయ్యండి. కర్బనం 12, ఆమ్లజని 16, ఉదజని 1 అనుకుంటే, బొగ్గుపులుసు వాయువులో ఒక కర్బనం, రెండు ఆమ్లజనులు. మొత్తం 44. ప్రొపేన్‌లో మూడు కర్బనాలు, ఎనిమిది ఉదజనులు. ఎంతయింది? అదీ 44! గాలి సగటున 29 మాత్రమే. అంటే ప్రొపేన్ కూడా సరిగ్గా అలాగే కిందికి జారి అడుగున చేరుతుందన్నమాట. కాని ఒక్క తేడా ఉన్నది. చెంబులోని వాయువు మంటను ఆర్పింది. ప్రొపేన్ అయితే అంటుకుంటుంది.

అందుకే గుడారంలో గ్యాసు కారితే, అది మీరు పడుకునే చాప మీద, దుప్పటి మడతల్లో చేరుతుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసినా చాలు, ఒక అగ్గిపుల్లకే భగ్గుమంటుంది.

అసలు ఈ గ్యాసుకు వాసన ఉండదు. మరి మనకు వంటింట్లో వాసన వస్తుంది కదా అంటారా? అది కావాలని కలిపినది. దాని వెనక ఒక దుఃఖగాథ ఉన్నది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి పాఠశాల కింద సహజవాయువు కారి చేరుకున్నది. వాసన లేదు గనుక ఎవరికీ తెలియలేదు. ఒక్క నిప్పురవ్వతో బడి కూలి, పిల్లలూ, ఉపాధ్యాయులూ సుమారు 300 మంది చనిపోయారు. ఆ తరువాతనే గ్యాసులో చెడువాసన కలపాలని చట్టాలు వచ్చాయి. ఆ వాసన ఒక హెచ్చరిక గంట అనుకోండి. అది తగిలిన మరుక్షణం అగ్గిపుల్ల గియ్యకండి, స్విచ్చి వెయ్యకండి, ఆర్పను కూడా ఆర్పకండి. మర కట్టించి, అందరూ దూరంగా, గాలి వచ్చే వైపుకు నడవండి.

రెండోవాడు ఇంతకన్న మాయావి. ఒక చెంబెడు ప్రొపేన్ పూర్తిగా మండటానికి అయిదు చెంబుల ప్రాణవాయువు కావాలి. గాలిలో ప్రాణవాయువు అయిదో వంతే గనుక, దాదాపు 24 చెంబుల గాలి కావాలి. ఆరుబయట గాలికేం కరువు? మూసిన గుడారంలోనో! మంటా మీరూ ఒకే గాలిని పంచుకోవాలి. గాలి చాలకపోతే కర్బనం సగం కాలి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు.

అది ఏం చేస్తుందో ఒక పోలికతో చెబుతాను. మన నెత్తుటిలోని ఎర్ర కణాలు ఉప్పల్ బస్సుల వంటివి. ప్రాణవాయువు ఊపిరితిత్తుల దగ్గర ఎక్కి, తన స్టాపు రాగానే దిగిపోతుంది. ఈ మోనాక్సైడ్ మాత్రం ఎక్కిందంటే సీటు వదలదు. నెత్తుటిని అంటిపెట్టుకోవటంలో దానికి ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా బలం. బస్సులు తిరుగుతూనే ఉంటాయి, కాని ప్రాణవాయువుకు చోటుండదు. మనిషికి తలనొప్పి, వికారం, ఆపైన మత్తు వస్తాయి. "అలిసిపోయాను, నిద్ర వస్తున్నది" అనుకుని పడుకుంటాడు. ఆ నిద్ర నుంచి లేవడు.

గ్యాసు కుంపటితో ఇంకొక చిక్కు ఉన్నది. మన వంటపొయ్యి మంట నీలంగా ఉంటుంది. గ్యాసుకు ముందే గాలి కలిపి మండిస్తారు గనుక అలా ఉంటుంది. కుంపటి మంట పసుపుగా ఊగుతూ చూడ ముచ్చటగా ఉండాలని ముందుగా కలిపే గాలిని తగ్గిస్తారు. కొవ్వొత్తి పసుపు మంటలో ఒక చెంచా పెట్టి చూడండి, మసి పడుతుంది. అది పూర్తిగా కాలని కర్బనమే. అంటే ఈ కుంపటి అందం కోసం చేసినది, ఆరుబయటి కోసం చేసినది. గదిలోకి రావటానికి చేసినది కాదు.

2020 జనవరిలో కేరళ నుంచి నేపాలు చూడబోయిన యాత్రికులు దామన్ అనే కొండ ఊళ్ళో రాత్రి మకాం చేశారు. చలి విపరీతంగా ఉన్నది. ఒక గదిలో ఎనిమిదిమంది తలుపులూ, కిటికీలూ మూసుకుని, గ్యాసు హీటరు పెట్టుకుని పడుకున్నారు. తెల్లవారి చూస్తే ఎవరికీ స్పృహ లేదు. ఎనిమిదిమందీ చనిపోయారు. అందులో నలుగురు పిల్లలు.

"మా అమ్మమ్మ గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకునేదట. ఆమెకు ఏమీ కాలేదే?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ కాలపు పెంకుటిళ్ళకు పెంకుల సందుల నుంచీ, చూరు కింద నుంచీ గాలి వస్తూ పోతూ ఉండేది. ఈనాటి మేడలకు అద్దాల కిటికీలు బిగిస్తే చీమ దూరే సందు ఉండదు. అప్పుడు కూడా ముప్పు లేకపోలేదు, ఇప్పుడు మరింత ఎక్కువ.

"గుడారం తలుపు కాస్త తెరిచి ఉంచితే?" చాలదు. గాలి ఎంత వస్తున్నదో మనం చూడలేము, చలి వేస్తే నిద్రమత్తులో ఎవరో ఒకరు మూసేస్తారు. కుంపటి చోటు బయటే. గుడారానికీ, చెట్ల కొమ్మలకూ బాగా ఎడంగా, చదునైన నేల మీద పెట్టాలి. వెలిగించటం, ఆర్పటం పెద్దల పని. సిలిండరు నిటారుగా ఉండాలి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. వెలిగించకముందు అతుకుల దగ్గర సబ్బునురుగు రాసి చూడాలి. బుడగలు లేస్తే గ్యాసు కారుతున్నట్లు లెక్క. గ్యాసు సిలిండరును రైల్లోకి, మెట్రోలోకి తీసుకుపోరాదు. అది చట్టవిరుద్ధం.

మరి రాత్రి చలికి ఏం చెయ్యాలి? మన ఒంటి వేడిని నేల లాగేసుకుంటుంది గనుక, పైన కప్పుకునేదానికన్న కింద పరుచుకునేది దట్టంగా ఉండాలి. తడి మేజోళ్ళు విప్పి పొడివి తొడుక్కోండి. తలకు మఫ్లరు చుట్టుకోండి. మూత గట్టిగా బిగించిన వేడినీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఇవేవీ మీ గాలిని తినవు.

చివరగా ఒక్క మాట. చలి ముదిరిన అర్ధరాత్రి మామయ్యో, బాబాయో, శిబిరం నడిపే మాస్టారో ప్రేమకొద్దీ "పిల్లలు వణుకుతున్నారు, కుంపటి లోపల పెడదాం" అనవచ్చు. పెద్దవాళ్ళకు చెప్పటమేమిటని మొహమాటపడకండి. "వద్దండీ, లోపల పెడితే విషవాయువు పుడుతుంది" అని మర్యాదగా, కాని గట్టిగా చెప్పండి. కారణం అడిగితే చెంబూ, నిమ్మకాయల ప్రయోగం, బస్సు పోలిక చెప్పండి. తెలిసినవాడు చిన్నవాడైనా, ఆ రాత్రికి గుడారంలో పెద్దవాడు అతడే.

ఇక ఈ నెల ప్రశ్న. గ్యాసును ఎక్కువసేపు గట్టిగా మండిస్తే సిలిండరు చల్లబడి, ఒక్కొక్కప్పుడు దాని ఒంటికి చెమట పట్టినట్లు నీటిబొట్లు కనిపిస్తాయి. పక్కన మంట మండుతుంటే సిలిండరు చల్లబడటమేమిటి? ఆలోచించండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.