పరిహారం అడిగి తీసుకోవాలా?

కరెంటు బిల్లు గడువు దాటితే ఏం జరుగుతుందో తెలుగునాట ప్రతి ఇంటికీ తెలుసు. ఆలస్య రుసుం దానంతటదే వచ్చి బిల్లులో చేరుతుంది. అయినా కట్టకపోతే 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు, ఆపైన సరఫరా నిలిపివేత, మళ్లీ కలపడానికి ఇంకో రుసుం. ఇందులో దేనికీ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఎవరికీ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. మరి కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను డిస్కం గడువులోగా మార్చకపోతే? దానికీ అదే చట్టంలో, ఆ పక్క సెక్షన్‌లోనే జవాబుంది. నిర్దేశిత ప్రమాణాల మేరకు సేవ అందకపోతే నష్టపోయిన వ్యక్తికి డిస్కం పరిహారం చెల్లించాలని 57వ సెక్షన్ చెబుతోంది. ఇరుగుపొరుగున ఉన్న ఈ రెండు సెక్షన్లలో మొదటిది రోజూ అమలవుతోంది. రెండోది ఉందన్న సంగతే చాలామంది వినియోగదారులకు తెలియదు. తిరుపతి, విశాఖ, విజయవాడ, హైదరాబాద్, వరంగల్ కేంద్రాలుగా నడుస్తున్న డిస్కంల సేవ గురించి ఎన్ని మాటలు మాట్లాడినా చివరికి ఈ తేడా దగ్గరికే రావాలి.

నిబంధనలు లేక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే సేవా ప్రమాణాలు నిర్దేశించింది. తెలంగాణ మండలి 2016లో తన నిబంధనలు తెచ్చుకుంది. ఫ్యూజు పోతే పట్టణాల్లో నాలుగు పని గంటల్లో, పల్లెల్లో 12 పని గంటల్లో సరిచేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోతే పట్టణంలో 24 గంటలు, పల్లెలో 48 గంటలు గడువు. కేంద్రం 2020లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు తెచ్చి, 2024లో వాటిని సవరించి, కొత్త కనెక్షన్ మహానగరాల్లో మూడు రోజుల్లో, ఇతర పట్టణాల్లో ఏడు రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? చిక్కంతా, గడువు తప్పిందని ఎవరు చెప్పాలి, ఎవరు నిరూపించాలి అన్న దగ్గర వస్తోంది. సాధారణంగా ఆ భారం వినియోగదారుడిదే. సెక్షన్ ఆఫీసుకు వెళ్లి రాసివ్వాలి. అక్కడ తేలకపోతే ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాలి. ఆ వేదికను చట్టం ప్రకారం ఏర్పాటు చేసేది కూడా డిస్కమే. అక్కడా న్యాయం జరగకపోతే మండలి నియమించిన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఇంత తిరుగుడూ యాభై, వంద రూపాయల స్థాయిలో మొదలైన పరిహారం కోసం. కూలి మానుకుని ఆ సొమ్ముకోసం తిరిగేవాళ్లు ఎందరుంటారు? తిరగరు కాబట్టి క్లెయిములు ఉండవు. క్లెయిములు లేవు కాబట్టి సేవ బాగున్నట్టే లెక్క. ఎన్ని కేసుల్లో, మొత్తం ఎంత పరిహారం చెల్లించారో డిస్కంలు ఏటా మండలికి చెప్పాలని 59వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అడిగినవాళ్లకే ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం ఆ లెక్క అంతరాయాల సంఖ్యను చెప్పదు, జనం ఓపికకున్న హద్దును చెబుతుంది.

సరఫరా ఎంత నమ్మకంగా ఉందో కొలిచే పద్ధతి దీనికంటే మెరుగ్గా లేదు. ఏడాదిలో సగటున ఎన్నిసార్లు, ఎంతసేపు కరెంటు పోయిందో చెప్పే సూచీలను డిస్కంలు 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) స్థాయిలో లెక్కిస్తాయి. అయిదు నిమిషాలకు మించిన అంతరాయాలే అందులోకి వస్తాయి. 2004 నిబంధనల సూత్రమైతే ప్రధానంగా వ్యవసాయ లోడు ఉన్న ఫీడర్లను లెక్కలోంచే మినహాయించింది. ఫీడర్ బతికే ఉండి, దాని కింద మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే కాలిపోతే, లేదా స్తంభం నుంచి ఇంటికొచ్చే తీగ తెగితే, మీరు రాత్రంతా చీకట్లో ఉన్నా ఆ సూచీ చలించదు. పల్లెల్లో, పట్టణ శివారు కాలనీల్లో జనం పడే అవస్థలో పెద్ద వాటా సరిగ్గా ఈ కింది స్థాయిదే. నివేదికకూ వాస్తవానికీ మధ్య ఇంత ఖాళీ ఉన్నప్పుడు అంకెల్లో అబద్ధమేమీ లేకపోయినా అవి నిజం చెప్పవు.

రైతు విషయంలో ఈ ఖాళీ ఇంకా వికారంగా కనబడుతుంది. చెడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి, మరమ్మతుల షెడ్డుకు చేర్చి, బాగుచేసినదాన్ని తెచ్చి బిగించే బాధ్యత, ఖర్చు డిస్కంవే. అయినా రైతులే చందాలు వేసుకుని ట్రాక్టర్ మాట్లాడి తరలిస్తున్నారన్న ఫిర్యాదు రెండు రాష్ట్రాల మండళ్ల బహిరంగ విచారణల్లో ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. నారుమడి ఎండిపోతుంటే 48 గంటల నిబంధన చదువుతూ కూర్చునే రైతు ఉండడు. అతని తొందరే డిస్కంకు మిగులుబాటు అవుతోంది. ఉచిత కరెంటు తీసుకునేవారికి పరిహారం కూడానా అని పెదవి విరిచేవాళ్లున్నారు. ఆ కరెంటు రైతుకు ఉచితం, డిస్కంకు కాదు. రాయితీ సొమ్మును రాష్ట్ర ప్రభుత్వం ముందుగానే చెల్లించాలని 65వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ప్రభుత్వం ఆ సొమ్ము సకాలంలో ఇవ్వకపోతే డిస్కం తేల్చుకోవాల్సింది ప్రభుత్వంతో. పొలంలో ఉన్నవాడి హక్కు దానివల్ల తరిగిపోదు.

దీనికంటే గట్టి అభ్యంతరం డబ్బుది. తెలంగాణ డిస్కంల పేరుకుపోయిన నష్టాలు 62 వేల కోట్ల రూపాయలకు పైనేనని 2023 డిసెంబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వ శ్వేతపత్రమే చెప్పింది. అప్పుల్లో ఉన్న సంస్థ నెత్తిన పరిహారం కూడా రుద్దితే చివరికి అది చార్జీల రూపంలో మళ్లీ మన మీదే పడుతుంది కదా అన్న ప్రశ్నలో పస ఉంది. అలా పడకుండా ఆపే అధికారం మాత్రం మండళ్ల చేతిలోనే ఉంది. సేవాలోపానికి కట్టిన పరిహారాన్ని చార్జీల లెక్కలోకి అనుమతించబోమని ఒక ఆదేశం ఇస్తే చాలు. పైగా డబ్బు బిల్లులోకి ఎక్కించడం ఎంత సులువో చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు కింద 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్ల రూపాయలను వాయిదాల్లో వసూలు చేసుకోవడానికి 2024 చివర్లో అనుమతి దొరికింది. ఏ వినియోగదారూ దరఖాస్తు పెట్టలేదు, బిల్లు మీద ఓ వరుస పెరిగిందంతే. ఆ మరుసటి ఏడాది మండలి లెక్క చూసి 923 కోట్లు ఎక్కువ వసూలైందని తేల్చి, యూనిట్‌కు 13 పైసల చొప్పున వెనక్కి ఇవ్వమంది. అంటే బిల్లులో డబ్బు రెండు వైపులా నడవగలదు. కోట్ల మందికి పైసల్లో సర్దగలిగిన వ్యవస్థ, గడువు తప్పిన ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది అరవై ఇళ్లకు వంద రూపాయలు జమ చేయలేదంటే నమ్మడం కష్టం.

ప్రైవేటుపరం చేస్తే ఇవన్నీ చక్కబడతాయని వాదించేవారు పక్క రాష్ట్రం చరిత్ర చూడాలి. ఒడిశా 1999లో పంపిణీని ప్రైవేటుకు ఇచ్చింది. ఆ ఏడాది మహా తుపాను తర్వాత, 2001లో, ఒక లైసెన్సు తీసుకున్న ఏఈఎస్ సంస్థ చేతులెత్తేసి వెళ్లిపోయింది. రిలయన్స్ చేతిలోని మిగతా మూడు లైసెన్సులు 2015లో రద్దయ్యాయి. 2020 నుంచి టాటా పవర్‌తో మళ్లీ మొదలుపెట్టారు. యజమాని మారినంత మాత్రాన జవాబుదారీతనం రాదు. ఎవరు నడిపినా తప్పిన గడువుకు వెల కట్టే ఏర్పాటు ఉండాలి.

అభ్యంతరాల్లో నన్ను నిజంగా ఆలోచింపజేసేది లైన్‌మన్ వైపు నుంచి వచ్చేది. పరిహారం పడితే పైవాళ్లు దాన్ని కింద స్తంభమెక్కేవాడి జీతంలోంచే రాబట్టాలని చూస్తారు. లేదా పని కాకముందే ‘సరిచేశాం’ అని ఫిర్యాదు మూసేస్తారు. లైన్ క్లియర్ (సరఫరా ఆపామన్న నిర్ధారణ) తీసుకోకుండా తొందరపడి ప్రాణాలు పోగొట్టుకోవడం ఆ వృత్తిలో కొత్త కాదు, ఏ గడువూ ఆ తొందరను పెంచకూడదు. అందుకే పరిహారం సంస్థ ఖాతాలోంచే వెళ్లాలని, ఉద్యోగి నుంచి రాబట్టరాదని నిబంధనలోనే రాయాలి. 1912 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదైన నిమిషం నుంచి గడువు లెక్కించి, కరెంటు వచ్చిందని వినియోగదారుడు ఫోన్‌లో ధ్రువీకరించాకే ఫిర్యాదు మూయాలి. అప్పుడు ఒకే సెక్షన్ ఆఫీసు పరిధిలో నెలనెలా పరిహారం పోతోందంటే అక్కడ మనుషులు చాలడం లేదనో, మార్చడానికి సిద్ధంగా ఉంచే రోలింగ్ స్టాకులో ట్రాన్స్‌ఫార్మర్లు లేవనో సంస్థకే తెలుస్తుంది. ఖాళీలు నింపమని సిబ్బంది చేసే డిమాండ్‌కు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. దూరం నుంచి గమనించగల ప్రమాణాల విషయంలో పరిహారం దానంతటదే అందాలని 2020 కేంద్ర నియమాలు ఇప్పటికే చెబుతున్నాయి. ఫీడర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు సమాచారం పంపే మీటర్లు బిగించడం 2021లో మొదలైన కేంద్ర ఆర్‌డీఎస్ఎస్ పథకంలో భాగం. ఆ మీటర్లను యూనిట్లు లెక్కించడానికి మాత్రమే వాడి, చీకటి గంటలు లెక్కించడానికి వాడకపోతే అది పూర్తిగా ఏకపక్షం.

ఉమ్మడి రాష్ట్రంలో డిస్కంలు 2000 ఏప్రిల్‌లో పుట్టాయి. ఆ ఆగస్టు 28న చార్జీల పెంపుపై జరిగిన ఆందోళన హైదరాబాద్‌లో బషీర్‌బాగ్ పోలీసు కాల్పులకు దారితీసింది. అప్పటినుంచి మన రాజకీయాల్లో కరెంటు అంటే చార్జీ ఎంత, ఉచితం ఎవరికి అన్న చర్చే. సేవ ఎలా ఉందన్నది ఎన్నికల అంశం కావడం అరుదు. ఏటా నవంబరు నెలాఖరుకల్లా డిస్కంలు తమ ఆదాయ అవసరాల నివేదికలు మండళ్లకు సమర్పించాలి. ఆ తర్వాత జరిగే బహిరంగ విచారణల్లో ఎవరైనా మాట్లాడవచ్చు, అభ్యంతరం రాసి పంపవచ్చు. రైతు సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు, చిన్న పరిశ్రమలవాళ్లు ఈసారి చార్జీల మాటతోపాటు ఇంకొక్కటి గట్టిగా అడగాలి: అడగకుండానే పరిహారం బిల్లులో జమ చేసే ఆదేశం వచ్చేదాకా సేవా ప్రమాణాలు పాటిస్తున్నామన్న డిస్కంల మాటను మండళ్లు అంగీకరించకూడదు.